పెట్టెలో లేని రాయి

"ఎవరూ చావలేదు కదా" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక వానాకాలంలో, రాయ్‌పూర్‌లో, ఆ మాట ఎంతమంది నోట విన్నానో చెప్పలేను. ఫ్యాక్టరీ మేనేజరు అన్నాడు. విచారణకని జీపు దిగిన అధికారి అన్నాడు. మా బాస్ అన్నాడు. చివరికి నా పీహెచ్‌డీ గైడ్ కూడా చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ అదే అన్నాడు. చావు ఒక్కటే నష్టం కిందికి వచ్చేటట్టయితే ఇంక మా శాస్త్రం ఎందుకు? శ్మశానం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే సరిపోతుంది.

నేను జియాలజిస్టును. శంకర్ నగర్‌లో ఒక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. ఎవరైనా ఫ్యాక్టరీయో గోదామో కట్టబోయే ముందు అక్కడ బోర్లు వేయించి, కింద నేల ఎలాంటిదో చూసి రిపోర్టు ఇవ్వడం మా పని. సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఉద్యోగం. ఆదివారాలూ పండగ సెలవులూ పీహెచ్‌డీకి. సున్నపురాయి ఉన్నచోట నేల ఉన్నట్టుండి ఎందుకు కుంగిపోతుందన్నది నా పరిశోధన. యూనివర్సిటీవాళ్ళు దాన్ని ప్రకృతి వైపరీత్యాల కింద వేశారు. ఉద్యోగం చేస్తూ పరిశోధన చేసేవాళ్ళకు యజమాని అనుమతి కావాలి. ఆఫీసులో ఉన్న పాత బోర్ల వివరాలు వాడుకోవాలంటే దానికి మళ్ళీ ఇంకో అనుమతి. అంటే నా జుట్టు మా బాస్ చేతిలో ఉండేదన్నమాట.

మా బాస్‌ది కరీంనగర్ వైపు కుటుంబం. వాళ్ళ నాన్న ఉక్కు కర్మాగారంలో పనికి ఈ వైపు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాది శ్రీకాకుళం జిల్లా. మా నాన్న రైల్వేలో చేసేవాడు, నేను పుట్టిందీ పెరిగిందీ రాయ్‌పూర్‌లోనే. ఇక్కడ తెలుగువాళ్ళు ఎదురైతే మొదటి ప్రశ్న "మీరు మనవాళ్ళా?" అని. ఆ ఒక్క మాట మీద అద్దెకు ఇల్లు దొరుకుతుంది, ఆస్పత్రిలో మంచం దొరుకుతుంది, పిల్లకు స్కూల్లో సీటు దొరుకుతుంది. నాకు ఆ ఉద్యోగం దొరికింది కూడా అలాగే, కాదనను. కానీ మా బాస్ ఆ మాటను వాడుకునే తీరు వేరు. ఆఫీసులో ఆయన అందరితో, నాతో సహా, హిందీలోనే మాట్లాడేవాడు. నాతో తెలుగులోకి దిగాడంటే ఏదో వంకర పని ఉందని అర్థం. జీతం హిందీలో ఇచ్చేవాడు, తప్పులు తెలుగులో చేయించేవాడు. "బిడ్డా" అన్నాడంటే ఇంక ఆ రోజుకు నా పని అయిపోయినట్టే.

కరోనా రావడానికి కొన్నేళ్ళ ముందు, రాయ్‌పూర్ శివార్లలో ధర్సీవా అవతల ఉన్న ఒక ఇనుము ఫ్యాక్టరీ నుంచి పని వచ్చింది. కూలీలకు క్వార్టర్లు కడతారట, నేల చూసి చెప్పాలి. స్థలం పడమటి అంచున ఒక పాత సున్నపురాయి ఖదాన్, అంటే క్వారీ, నీళ్ళతో నిండి ఉంది. దానికి కొంచెం దూరంలో ఇంకో ఖదాన్ నడుస్తోంది. అందులో ఊరిన నీటిని పంపులతో పగలూ రాత్రీ బయటికి తోడేస్తున్నారు. అది చూడగానే నోటుబుక్కులో పడమటి అంచు చుట్టూ ఎర్ర గీత గీశాను.

ఎందుకో చెప్పాలి. రాయ్‌పూర్ ఊరంతా కూర్చున్నది సున్నపురాయి మీద. ఇళ్ళలో నేల మీద పరిచే ఫర్షీ రాయి ఆ జాతిదే, సిమెంటు అయ్యేదీ ఆ జాతిదే. యుగాల తరబడి వాననీళ్ళు దిగి ఆ రాయిని కరిగించి లోపల గూళ్ళు చేస్తాయి. గూటి మీద మట్టి కప్పు, కప్పు మీద మనం. లోపల నీళ్ళు నిండుగా ఉన్నంత కాలం ఆ నీళ్ళే కప్పును కొంత ఆపుతాయి. పక్కన ఎవడో పంపు పెట్టి ఆ నీళ్ళు లాగేశాడా, మట్టి లోపలికి జారడం మొదలవుతుంది. బియ్యం బస్తాకు అడుగున చిల్లు పడితే పైన చాలాసేపు ఏమీ తెలియదు. గింజలు కారుతూనే ఉంటాయి, పైభాగం నిండుగానే కనిపిస్తుంది, తర్వాత ఒక్కసారిగా గుంట పడుతుంది. రాయిలో గూడు చేసింది ప్రకృతే, ఒప్పుకుంటాను. చిల్లు పెట్టింది మాత్రం ప్రకృతి కాదు.

పడమటి వరుసలో బోరు వేస్తున్నప్పుడు నేను మెషిన్ పక్కనే ఉన్నాను. రాడ్డు గట్టి రాతిని కోస్తూ దిగుతోంది. ఉన్నట్టుండి ఇంజను మోత మారింది, రాడ్డు మనిషి ఎత్తు మేర ఒక్క ఊపున కిందికి జారింది. లోపలికి వదిలిన నీళ్ళు పైకి రావడం మానేశాయి. డ్రిల్లర్ నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను. కింద గుహ ఉంది. చిన్నపిల్లకు చూపించినా అర్థమయ్యేంత స్పష్టంగా ఉంది.

మర్నాడు పొద్దున వెళ్ళి కోర్ బాక్సు తెరిచాను. బోరులోంచి వచ్చిన రాతి ముక్కలను లోతు వరుసలో పేర్చే చెక్కపెట్టె అది. రాయి రాని చోట ఆ మేర ఖాళీ వదిలి, చెక్క దిమ్మె పెట్టి, ఇక్కడ ఏమీ రాలేదు అని రాయాలి. తెరిచి చూస్తే పెట్టె నిండుగా ఉంది. కింది ముక్కలన్నీ పైకి జరిపి, ఎక్కడా సందు లేకుండా, నీటుగా పేర్చేశారు. పెళ్ళి పంక్తిలో ఖాళీ విస్తరి కనబడకుండా అందరినీ ఇటు జరగండి అటు జరగండి అని సర్దినట్టు సర్దేశారు. గుహ మాయమైంది.

"ఇదేమిటి?" అని అరిచాను. డ్రిల్లర్ భన్‌పురి మనిషి, ఎన్నో ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడు. అతనికి నా కోపం అర్థం కాలేదు.

"మేడం, పెట్టె ఖాళీగా ఉంటే పని బాగా చెయ్యలేదంటారు కదా. మేం ఎప్పుడూ ఇలాగే పేరుస్తాం. మా ఉస్తాదు ఇలాగే నేర్పాడు," అన్నాడు.

అతను అబద్ధం ఆడలేదు. ఆ లైనులో అదే మర్యాద. నిండు పెట్టె మంచి పనికి గుర్తు. రాయి రాకపోవడం అక్కడ రాయి లేకపోవడం వల్ల కాదు, డ్రిల్లర్ చేతకానితనం వల్ల అన్నది వాళ్ళకు పైనుంచి దిగిన పాఠం. ఈ పాఠం నేర్పింది ఎవరు? పెట్టెలు చూసి "షాబాష్" అన్న నాలాంటి డిగ్రీలవాళ్ళే. రాయ్‌పూర్ చుట్టూ ఎన్ని గుహలు ఇలా నిండు పెట్టెల్లో పూడిపోయాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. అతని చేతే మళ్ళీ ముక్కలన్నీ తీయించి, ఖాళీ వదిలించి, దిమ్మె పెట్టించాను. నిండు ఇంట్లో అశుభం పలికినదాన్ని చూసినట్టు చూశాడు నన్ను.

రెండు రోజులకు బాస్ క్యాబిన్‌లోకి పిలిచాడు. "కూసో బిడ్డా," అన్నాడు. అప్పుడే అర్థమైంది.

"గీ ఖాళీ ఏంది?" పెట్టె ఫోటో చూపించాడు.

"గుహ సార్. నేను అక్కడే ఉన్నాను. రాడ్డు జారింది."

"జారితే జారింది. రాయి పలిగి పోయిందని రాయరాదు? జెర పక్క పొంటి ఇంకో బోరు ఏద్దాం. మంచి రాయి తగుల్తది. గదే రాద్దాం."

"పక్కన రాయి ఉంటే గుహ పోతుందా సార్? అక్కడ ఇళ్ళు కట్టకూడదు. తూర్పు వైపు నేల గట్టిది, మొన్న వేసిన బోర్లలో చూశాం. వరుసంతా అటు జరిపితే చాలు."

"తూర్పుకు ట్రక్కులు నిలుపుతరంట. ప్లాన్ పాసయింది."

నాకు నవ్వు వచ్చింది, అంత కోపంలోనూ. ట్రక్కులకు గట్టి రాయి, మనుషులకు గుహ! ట్రక్కు కుంగితే కంపెనీకి నష్టం కదా మరి.

"ట్రక్కులనే ఇటు పెట్టమనండి సార్. పిల్లాపాపలతో ఉంటారు ఆ క్వార్టర్లలో."

"ఇప్పుడు యాడ ఉంటున్నరు వాళ్ళు? రేకుల కింద. వానకు తడుస్తున్నరు. పక్కా ఇల్లు వస్తుంటే వద్దంటవా?" కుర్చీ ముందుకు జరిపి గొంతు తగ్గించాడు. "సూడు బిడ్డా, మనోళ్ళ పిల్లవని చెప్తున్న. నీ పీహెచ్‌డీకి పాత బోర్ల డేటా గావాలంటివి. అలమార్ల నిండ ఉన్నది. మొత్తం తీస్కపో, నేను సంతకం పెడ్త. నువ్వు గీ రిపోర్టు మీద సంతకం పెట్టు. గంతే."

మాటలో తేనె, అడుగున కత్తి. ఏళ్ళ తరబడి నేను బతిమాలుకున్న డేటా అది. అది లేకుండా నా థీసిస్ చేతులూ కాళ్ళూ లేని బొమ్మ. ఆయనకు ఆ సంగతి బాగా తెలుసు.

"పెట్టను సార్," అన్నాను.

ఆయన వెంటనే కుర్చీలో వెనక్కి వాలి, "ఠీక్ హై మేడం, ఆప్ జాయియే," అన్నాడు. తెలుగు అయిపోయింది.

గైడ్ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన, మంచివాడు, ఎవరికీ అపకారం చెయ్యడు. ఉపకారం కూడా చెయ్యడు. అంతా విని, "బేటా, ముందు డిగ్రీ పూర్తి చేసుకో. డిగ్రీ వచ్చాక ఎన్ని గుహలైనా బయటపెట్టొచ్చు. ఇప్పుడు నువ్వు చెబితే ఎవరు వింటారు?" అన్నాడు. పోనీ మీరు చెప్పండి సార్, మీ మాట వింటారు కదా అన్నాను. ఆయన కిటికీలోంచి చెట్టు మీది పక్షిని చూపించి, ఈ మధ్య ఇవి తగ్గిపోయాయి అన్నాడు. చెప్పులు విసరాలనిపించింది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాను కానీ ముద్ద దిగలేదు. అమ్మ చూసింది.

"ఏటే, మొహం అలగ మాడ్చుకున్నావు?"

చెప్పాను. అమ్మకు గుహల సంగతి తెలియదు, సంతకం సంగతి తెలుసు.

"సంతకం ఎట్టేవా?"

"లేదు."

"ఎట్టుంటే ఈ ఇంట్లో అన్నం ఎట్టీదాన్ని కాదు. ఎట్టనేదు కదా, మరి తిను. ఠండా అయిపోతంది. లడాయి రేపు సేద్దువు గాని."

బాస్ ఆ గుహకు కొంచెం పక్కగా ఇంకో బోరు వేయించాడు. నన్ను ఆ రోజు బిలాస్‌పూర్ పని మీద పంపించేశాడు. పెట్టె నిండుగా వచ్చింది. బయటి నుంచి ఎవరినో తెచ్చి రిపోర్టు మీద సంతకం పెట్టించుకున్నాడు. నేను ఫ్యాక్టరీ మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నున్నటి రిపోర్టు తీసి చూపించి, "మీ సంస్థే కదా మేడం ఇచ్చింది?" అన్నాడు. కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. ఖనిజాల శాఖ చూడాలన్నారు. ఖనిజాల శాఖకు వెళితే ఇళ్ళ సంగతి మాది కాదన్నారు. గోడకు చెప్పుకున్నా కనీసం నీడైనా ఇస్తుంది.

మరి ఉద్యోగం ఎందుకు మానలేదని అడుగుతారు. మానితే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ పోతుంది, మొదటికి వస్తుంది. పళ్ళు కొరుక్కుంటూ ఉండిపోయాను. ఆ కోపం ఇంట్లో గిన్నెల మీదా స్కూటీ మీదా చూపించేదాన్ని.

క్వార్టర్లు లేచాయి. ఒక ఆదివారం చూద్దామని వెళ్ళాను. వరుసగా గదులు, తెల్ల సున్నం, అందరికీ కలిపి చివరి గది ముందు ఒక కుళాయి. అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే కుళాయి దగ్గర బిందె పెట్టుకున్న ఆడమనిషి చటుక్కున తిరిగింది.

"తెలుగోలా మీరు? మాది పలాస దగ్గర. మీదే ఊరు తల్లీ?"

వాళ్ళాయన కొలిమి దగ్గర పని. చివరి నుంచి రెండో గది వాళ్ళది. లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. గడియ ఉన్న తలుపు తీసి, వేసి, చూపించింది. ఇక్కడికి వచ్చాక ఆమెకు ఇదే మొదటి తలుపట. నేను ఏ మొహంతో చెప్పను? అయినా చెప్పాను. కింద బోలుగా ఉంది, ఇక్కడ ఉండకండి అన్నాను.

ఆమెకు నా మీదే కోపం వచ్చింది.

"ఎల్లిపోమంటావు. ఎక్కడికెల్లమంటావు? ఇది ఒగ్గేస్తే పని కూడా ఒగ్గీయాల. ముందే తెలుసునంటావు కదా, మరి కట్టినప్పుడు ఏటి సేసినావు?"

నేను ఏం చేశానో చెప్పాను. చెబుతుంటే ఎంత తక్కువ చేశానో నాకే వినపడింది. చివరికి నాకు తెలిసిన ఒక్క పనికొచ్చే విషయం చెప్పాను. తలుపు ఉన్నట్టుండి చట్రంలో బిగుసుకుపోయినా, గోడ పగులు వేలు దూరేటంత అయినా, కుళాయి పక్కన నీళ్ళు పారకుండా నేలలోకి ఇంకిపోతున్నా, సామాన్లు చూడొద్దు, అందరినీ లేపి బయటికి పరిగెత్తమన్నాను. ఆమె నా చేత రెండుసార్లు చెప్పించుకుంది.

ఆ పై వానాకాలం, ఎడతెరిపి లేని ముసురు పట్టింది. ఒక పొద్దున ఆమె తలుపు తెరుచుకోలేదు. నిన్నటిదాకా తేలికగా తెరుచుకున్న తలుపు. వాళ్ళాయన చేత తన్నించి, బయటపడి, వరుసంతా తలుపులు బాదుకుంటూ పోయింది. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న మగవాళ్ళు బూతులు తిట్టారట. చీపురు పుచ్చుకుని కొట్టినంత పనిచేసి మరీ లేపిందట. అందరూ ట్రక్కుల వైపు, తూర్పు వైపు, వానలో నిలబడ్డారు. కాసేపటికి కుళాయి, దాని చుట్టూ వాకిలి, చివరి గదీ కిందికి దిగిపోయాయి.

నేను వెళ్ళేసరికి గుంట అంచున తాడు కట్టారు. లోపల ఎర్రమట్టి నీళ్ళలో ఒక కుక్కర్, ఎవరిదో మంచం కోడు కనిపించాయి. గొడుగుల కింద నిలబడి అందరూ అదే మాట అంటున్నారు. ఎవరూ చావలేదు కదా, దేవుడి దయ. దేవుడి దయట! ఒకామె చీపురు పట్టుకుని తలుపులు బాదితే బతికారు. ఆమె పేరు ఎవరూ అడగలేదు. ఆ బతికిన ప్రాణాలనే అడ్డం పెట్టుకుని, చూశారా ఏమీ కాలేదు అని తప్పించుకున్నారు. ఆమె చేసిన పనిని దొంగిలించి తమ నేరాన్ని కప్పుకున్నారు. నాకు ఇప్పటికీ మండేది అందుకే.

విచారణ నివేదికలో భారీ వర్షం వల్ల జరిగిన ప్రాకృతిక ఆపద అని రాశారు. పంపుల మాట లేదు, బోర్ల మాట లేదు. గుంటలో కొలిమి నుంచి వచ్చే చిట్టెం, మొరం మట్టి పోసి రోలర్ తొక్కించారు. చివరి గది మళ్ళీ కట్టి, పగుళ్ళకు సిమెంటు పూసి, ఆ జనాన్నే మళ్ళీ అక్కడికి పంపారు. అడుగున చిల్లు అలాగే ఉంది. పంపులు అలాగే నడుస్తున్నాయి.

బాస్ నన్ను పిలిచాడు, ఎంతో ప్రేమగా. "ఎవ్వలు సావలే గదా బిడ్డా, పరేషాన్ గాకు. నీ సబ్జెక్టే గిది, ప్రకృతి వైపరీత్యం. మొత్తం డేటా తీస్కో. మంచిగ రాయి. మన తెలుగు పిల్ల డాక్టరైతే మాకూ పేరే." గైడ్ అయితే చేతులు రుద్దుకున్నాడు. "కిస్మత్ బేటా! కళ్ళముందే కేస్ స్టడీ దొరికింది. ఎంతమందికి దొరుకుతుంది?" వాళ్ళిద్దరికీ ఆ గుంట నాకు వచ్చిన కానుక.

తీసుకున్నాను. ఎందుకు తీసుకోను? అలమార్లు ఖాళీ చేసి మొత్తం తెచ్చుకుని, తర్వాతి ఏళ్ళన్నీ కూర్చుని రాశాను. రాడ్డు జారడం రాశాను, పెట్టెలో ముక్కలు జరపడం రాశాను, పంపులు రాశాను, పక్క బోరు ఎందుకు వేశారో రాశాను. ఆ పేజీలు తీసెయ్యమని గైడ్ బతిమాలాడు. తియ్యలేదు. బాస్ చదవలేదు. సంతకాలు పెట్టే అలవాటే కానీ చదివే అలవాటు ఆయనకు లేదు. థీసిస్ ఇచ్చిన రోజే రాజీనామా కూడా ఇచ్చాను.

వైవాకు, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకు, ఎవరైనా రావచ్చు. బాస్ పూలగుత్తి పట్టుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. నేను పలాస ఆమెను రమ్మన్నాను. ఆమె పనికి సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి, వెనక వరుసలో మా అమ్మ పక్కన కూర్చుంది. నా సంగతి నాకు తెలుసు. ఆమె కళ్ళముందు ఉంటే నా నోరు నొక్కుకోలేను. అందుకే పిలిచాను.

బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు మంచి ప్రశ్న అడిగింది. "ఈ ప్రమాదం ముందే తెలుసుకునే వీలుందా?"

"తెలుసుకున్నాం మేడం," అన్నాను. "పునాది తవ్వకముందే బోరులో గుహ దొరికింది. పెట్టెలో ఆ ఖాళీ వదిలాం. తర్వాత దాన్ని రిపోర్టులోంచి తీసేశారు. తీయించినవారు ముందు వరుసలో ఉన్నారు. నా లెక్కల మీద అనుమానం ఉంటే ఆయన్నే అడగండి."

నేను పేరు చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు బాస్ కోటు సర్దుకున్నాడు. గైడ్ గబగబా లేచి, "సాంకేతిక ప్రశ్నలు మాత్రమే అడుగుదాం," అన్నాడు. పరీక్షకురాలు నా వైపు ఒక్క క్షణం చూసింది. అడుగుతుందనుకున్నాను. ఆమె కాగితాలు తిప్పి, మ్యాపులో స్కేలు ఎందుకు చిన్నదిగా వేశావని అడిగింది. స్కేలు! నేను జవాబు చెప్పాను. ఇంకేవేవో అడిగారు, అన్నిటికీ చెప్పాను. డిగ్రీకి సిఫారసు చేస్తున్నామన్నారు. చప్పట్లు కొట్టారు. బాస్ కూడా కొట్టాడు.

వైవా అయ్యాక సమోసాలు, చాయ్ పెట్టించడం ఆనవాయితీ. అందరూ ప్లేట్లు పుచ్చుకుని నిలబడ్డారు. అమ్మ మొహం నిండా నవ్వుతో ఆమెను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె ప్లేటు ముట్టలేదు.

"ఏటి సెప్పినావమ్మా అంతసేపు? ఆలు ఏటన్నారు? మమ్మల్ని అక్కన్నించి మార్సీస్తారా?"

హాల్లో ఇంతమంది చదువుకున్నవాళ్ళం, ఇంతసేపు కూర్చుని, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకుని నేరుగా బాస్ దగ్గరికి తీసుకుపోయాను. "వీళ్ళు ఆ వరుసలోనే ఉంటున్నారు సార్. మార్చేస్తారా అని అడుగుతోంది. చెప్పండి," అన్నాను గట్టిగా, చుట్టూ వినపడేటట్టు.

ఆయన తొణకలేదు. "ఏం గాదమ్మా. గుంట పూడ్చిన్రు గదా. గట్టిగున్నది ఇప్పుడు. ఎవ్వలకు ఏం గాలే, ఇంక గాదు," అన్నాడు.

"మీరొచ్చి ఉంటారేటి బాబూ, ఒక వానాకాలం?" అంది ఆమె.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. ఆయన ఉంటే ఆమె నమ్మేది. ఆయన గడియారం చూసుకుని, డ్రైవర్ ఎదురుచూస్తున్నాడని హిందీలో అందరికీ చెప్పి, సగం సమోసా ప్లేటులో వదిలి వెళ్ళిపోయాడు. గైడ్ ఫోటో కోసం నన్ను పిలుస్తున్నాడు. "డాక్టర్ సాహిబా, ఇటు రండి!" నేను వెళ్ళలేదు. ఆ పిలుపుకు తిరిగి ఏదో గట్టిగా అరిచాను కూడా, ఏమన్నానో గుర్తు లేదు. అమ్మ నా భుజం పట్టుకుని ఆపిందని మాత్రం గుర్తుంది.

బయట మబ్బు పట్టి ఉంది. మా ఇంటికి రమ్మన్నాను. ఈ వానలు తగ్గేదాకా మా ముందు గదిలో ఉండండి అన్నాను. అమ్మ కూడా అంది. ఆమె తల అడ్డంగా ఊపింది. వాళ్ళాయనకు షిఫ్టు ఉంది. ఫ్యాక్టరీ దగ్గర లేకపోతే పనిలోంచి తీసేస్తారు. వాళ్ళ చిన్న కూతురికి పొద్దున బడి. "నువ్వు సెప్పినవి గుర్తున్నాయిలే, తలుపు సూస్కుంటాను," అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

రోడ్డు మీదికి వచ్చి ఆటో ఆపాను. ధర్సీవా అవతల, ఇనుము ఫ్యాక్టరీ వెనక, పాత ఖదాన్ పక్కన క్వార్టర్లు అని ఆటోవాడికి దారి వివరంగా చెప్పాను. పొద్దుండగానే చేర్చమన్నాను. ఆమెను నా చేత్తోనే ఎక్కించి పంపించాను.